ఏళ్ల తరబడి వాడిన ఐస్ హాకీ స్కేట్లు: ఏ భాగం మార్చాలి, కొత్త జతను ఎలా ఎంచుకోవాలి

మీరు చెప్పిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను. దాదాపు పదేళ్లుగా ఒకే జత స్కేట్లతో వారానికి రెండుసార్లు ఆడుతున్నారు. కుడి బూటు చీలమండ దగ్గర లోపలికి వాలుతోంది, మడమ కింద హోల్డర్‌ను (బ్లేడును పట్టి ఉంచే ప్లాస్టిక్ భాగాన్ని) బూటుకు బిగించే రెండు రివెట్లు కదులుతున్నాయి, స్టీల్, అంటే మంచు మీద జారే బ్లేడు, సగానికి పైగా అరిగిపోయింది. సాన పట్టే వ్యక్తి స్టీల్, హోల్డర్ మారిస్తే చాలంటున్నారు, తోటి ఆటగాళ్లు కొత్త జత కొనమంటున్నారు. కొనవలసి వస్తే అదే కంపెనీలో అదే సైజు కళ్లు మూసుకుని తీసుకోవచ్చా, అన్నిటికన్నా పై మోడల్ అవసరమా అని అడిగారు.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ బూట్ల పని అయిపోయిందనే నా అభిప్రాయం. అయితే దాన్ని మీరే స్వయంగా నిర్ధారించుకోవడం అవసరం, ఎందుకంటే బూటు వాలడానికి బూటే కారణం కాని సందర్భాలు కూడా ఉంటాయి. ఇక సైజు విషయంలో నా సమాధానం స్పష్టం: పాత బూటు మీద ముద్రించిన అంకెను చూసి కొత్త జత కొనవద్దు. పాత జత మీకు చాలా విషయాలు చెబుతుంది గానీ, ఆ అంకె మాత్రం వాటిలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగినది.

స్కేటును ఒకే వస్తువుగా చూడడం వల్లనే ఈ గందరగోళమంతా వస్తుంది. అందులో మూడు వేరువేరు భాగాలున్నాయి, మూడింటి ఆయుష్షూ వేరు. కింద ఉండే స్టీల్ అరగడానికే ఉన్నది. సాన పట్టిన ప్రతిసారీ దాని ఎత్తు కొద్దిగా తగ్గుతుంది, కాబట్టి ఒక బూటు జీవితకాలంలో స్టీల్‌ను రెండు మూడుసార్లు మార్చవలసి రావడం సహజమే. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ హోల్డర్ పగుళ్లు రాకపోతే చాలా ఏళ్లు నిలుస్తుంది. బూటు మాత్రం పైకి బాగానే కనిపిస్తూ లోపల్లోపల మెత్తబడుతూ వస్తుంది. మొదటి రెండింటినీ మార్చుకోవచ్చు, బూటును మాత్రం మళ్లీ గట్టిపరచే మార్గం లేదు. అందువల్ల మీ నిర్ణయం మొత్తం బూటు మీదే ఆధారపడి ఉంది. బూటు బాగుంటే సాన పట్టే వ్యక్తి మాట సరైనది. బూటు పోతే ఆ ఖర్చంతా వృథా.

స్టీల్ సంగతి త్వరగా తేల్చవచ్చు. ఎత్తు తగ్గిన స్టీల్ మీద మలుపులో బాగా వాలినప్పుడు అంచు పట్టు ఇవ్వకముందే హోల్డర్ గానీ బూటు అంచు గానీ మంచుకు తగులుతుంది, కాలు ఒక్కసారిగా జారిపోతుంది. సగానికి పైగా అరిగిందని మీరే అంటున్నారు కాబట్టి, గట్టి మలుపుల్లో ఇలా జరుగుతూ ఉంటే అది మీ తప్పు కాదు, స్టీల్ మార్చవలసిన సమయం వచ్చిందని అర్థం. కొత్త స్టీల్ పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. హోల్డర్‌ను మంచి వెలుతురులో పట్టుకుని, ముందు వెనుక స్తంభాల మొదళ్లలో సన్నని తెల్లటి గీతలున్నాయేమో చూడండి. ప్లాస్టిక్ విరగబోయే ముందు సాధారణంగా అక్కడే తెల్లబడుతుంది.

బూటును పరీక్షించే ముందు మరొక పని చేయాలి. బల్ల మీద రెండు స్కేట్లనూ నిలబెట్టి వెనుక నుంచి చూడండి. స్టీల్ మడమ మధ్య నుంచి నిటారుగా కిందికి దిగాలి. హోల్డర్ కొద్దిగా పక్కకు బిగించి ఉన్నా, కదిలే రివెట్ల వల్ల పక్కకు జరిగినా, ఎంత గట్టి బూటైనా ఒక వైపుకే వాలుతుంది. తరువాత స్కేటును తలకిందులుగా పట్టుకుని స్టీల్ మీద ఒక నాణేన్ని అడ్డంగా నిలబెట్టి, అది రెండు అంచుల మీదా సమంగా కూర్చుందో లేదో చూడండి. నాణెం ఒక పక్కకు ఒరిగితే ఒక అంచు రెండోదానికన్నా ఎత్తుగా ఉన్నట్టే. సాన సరిగ్గా పట్టకపోవడం వల్ల వచ్చే ఈ లోపాన్ని బూటు లోపంగా పొరబడి కొత్త స్కేట్లు కొన్నవారిని నేను చాలామందిని చూశాను. కొత్త జతకు కూడా అదే చోట సాన పట్టించి, మళ్లీ అదే ఇబ్బంది పడుతుంటారు.

ఈ రెండూ సరిగానే ఉంటే అప్పుడు బూటు దగ్గరకు రండి. లేసులు పూర్తిగా వదులు చేసి, వెనుక నుంచి బూటును రెండు చేతులతో పట్టుకుని, చీలమండ ఎముకలు ఉండే చోట రెండు వైపులా బొటనవేళ్లతో లోపలికి నొక్కండి. కొత్తగా ఉన్నప్పుడు ఆ చోట బలంగా నొక్కితే తప్ప కదలదు. తేలిగ్గా మడతపడితే, ఆ బూటు మీ చీలమండను ఆపడం లేదని అర్థం. కుడి ఎడమలను పోల్చడం మరీ ముఖ్యం, ఎందుకంటే ఎక్కువగా తోసే కాలి బూటు, ఎక్కువగా ఆగే కాలి బూటు ఒకేలా అరగవు. చీలమండకు కాస్త పైన అడ్డంగా ముడతలు పడ్డాయేమో చూడండి. తోలు మీదో పై పూత మీదో ఒక గీత ఉన్నంత మాత్రాన భయపడనవసరం లేదు గానీ, బూటును చేత్తో వంచినప్పుడు ప్రతిసారీ సరిగ్గా ఆ గీత దగ్గరే వంగుతుంటే లోపలి గట్టిపొర విరిగినట్టే.

ఇంకొక గుర్తు చాలామంది కంటికి ఆనదు. ఆటకు కట్టుకున్నట్టే లేసులు బిగించి, రెండు వైపుల లేసు కన్నాల వరుసల మధ్య దూరం ఎంతుందో చూడండి. పాదానికి సరిపోయే గట్టి బూటులో ఆ దూరం దాదాపు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల వరకు ఉంటుంది. రెండు వరుసలూ ఒకదాన్నొకటి తాకేంత దగ్గరికి వస్తున్నాయంటే, బూటు సాగిపోయిందని, లేదా మొదటి నుంచే మీ పాదానికి లోతు ఎక్కువైందని తెలుసుకోవాలి. ఏడాదికేడాది లేసులు మరింత గట్టిగా లాగవలసి రావడం, ఆట మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ బిగించుకోవలసి రావడం, పాదం పైభాగాన లేసులు కోసుకుపోయినట్టు నొప్పి రావడం, ఇవన్నీ ఒకే కథలోని భాగాలు. మెత్తబడిన బూటు చేయలేని పనిని మీరు లేసుల చేత చేయిస్తున్నారు.

రివెట్ల విషయానికి వస్తే, లోపలి అట్టను, అంటే పాదం కింద పరిచే ఇన్‌సోల్‌ను, బయటికి లాగి చూడండి. రివెట్ల తలలు అక్కడ కనిపిస్తాయి. రాగి రివెట్ల చుట్టూ ఆకుపచ్చని పొడి, స్టీల్ రివెట్ల చుట్టూ గోధుమరంగు తుప్పు కనిపిస్తే తడి లోపలే నిలిచిపోతోందని అర్థం. వేలితో ఆ అడుగుభాగాన్ని నొక్కండి. గట్టిగా ఉంటే రివెట్లు మార్చడం సులువైన, చవకైన పని, దానికోసం బూటు పారేయనవసరం లేదు. నొక్కినచోట అడుగు మెత్తగా తగిలితే, లేదా రివెట్ రంధ్రం గుండ్రంగా ఉండక కోలగా సాగిపోయి ఉంటే, కొత్త రివెట్ వేసినా కొన్ని వారాలకే మళ్లీ కదులుతుంది. మడమ దగ్గర రెండు రివెట్లు ఒకేసారి వదులయ్యాయంటున్నారు కాబట్టి, మీ బూటులో ఈ రెండో పరిస్థితే ఉండే అవకాశం ఎక్కువ. నొక్కితే మడతపడే బూటు, మెత్తబడిన అడుగు, ఈ రెండూ కలిసి ఉంటే ఇక ఆలోచించనవసరం లేదు, కొత్త జత తీసుకోండి.

ఇన్‌సోల్‌ను ఎలాగూ బయటికి తీశారు కాబట్టి దాన్ని అప్పుడే లోపల పెట్టేయకండి. ఏళ్ల తరబడి మీ బరువు మోసిన ఆ అట్ట మీద మీ పాదం ముద్ర ఉంటుంది. బొటనవేలి గుంట అట్ట చివరి నుంచి ఎంత దూరంలో ఉందో చూడండి. అంచు దాకా వచ్చి ఉంటే బూటు మీకు పొట్టిదైంది. వేలెడు ఖాళీ మిగిలి ఉంటే మీరు ఇన్నాళ్లూ పొడుగు బూటులో ఆడుతున్నారు, ఆ వాలడంలో కొంత భాగం అందువల్లనే వచ్చి ఉండవచ్చు. చిటికెన వేలి వైపు ముద్ర అట్ట అంచు దాటి బయటికి పొర్లితే వెడల్పు చాలడం లేదు. వంపు ఉండవలసిన చోట కూడా అట్ట నల్లగా నలిగి ఉంటే మీ పాదం వంపు కిందికి దిగినట్టు. తరువాత బూటు లోపల చేయి పెట్టి మడమ గూడును తడమండి. అక్కడి లైనింగ్ చిరిగి ఉంటే, మడమ అడుగడుగునా పైకి లేస్తూ రాసుకుంటోందన్నమాట. అంటే కొత్త జతలో మీకు ఇంకాస్త ఇరుకైన మడమ కావాలి. ఈ గుర్తులన్నీ కాగితం మీద రాసుకుని, ఇన్‌సోల్‌నూ పాత స్కేట్లనూ వెంట తీసుకుని వెళ్లండి. అనుభవమున్న అమ్మకందారు మీ మాటలకన్నా ముందు వాటినే చూస్తారు.

ఇప్పుడు సైజు. పదేళ్లలో పెద్దవాళ్ల పాదం కూడా మారుతుంది. స్నాయువులు వదులై వంపు దిగే కొద్దీ పాదం కాస్త పొడుగు, కాస్త వెడల్పు అవుతుంది. దానికి తోడు కంపెనీలు తమ అచ్చులను మార్చాయి. ఉదాహరణకు బావర్ ఇదివరకు డి, ఈఈ అనే వెడల్పులతో అమ్మేది, ఇప్పుడు తన ప్రధాన మోడళ్లను పాదం మొత్తం పరిమాణాన్ని బట్టి ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని విడదీస్తోంది. సీసీఎం టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అంటుంది. అందువల్ల అదే కంపెనీ, అదే అంకె, అదే మోడల్ పేరు ఉన్నంత మాత్రాన లోపలి ఆకారం మీ పాత బూటుదే అనుకోవడానికి వీల్లేదు. సాధారణంగా ఈ రెండు కంపెనీల స్కేటు సైజు అమెరికన్ కొలతలోని మామూలు బూటు సైజుకన్నా ఒకటి నుంచి ఒకటిన్నర అంకెలు తక్కువగా ఉంటుంది. దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడుకోండి.

కొలతలు సాయంత్రం పూట, నిలబడి, రెండు పాదాలకూ తీయించుకోండి. పెద్దగా ఉన్న పాదానికే సైజు నిర్ణయించాలి. ఆటలో వేసుకునే మేజోళ్లే తొడుక్కుని వెళ్లండి, మందపాటి మేజోళ్లతో చూసుకుని తరువాత పలచటివి వేసుకుంటే లెక్కంతా తప్పుతుంది. ఇప్పుడు పాదాన్ని స్కాన్ చేసి మోడల్‌ను సూచించే యంత్రాలు చాలాచోట్ల ఉన్నాయి. అవి ఎంపికను రెండు మూడు జతలకు కుదిస్తాయి, అంతవరకు మేలే. ఆపైన మీ పాదమే చెప్పాలి.

బూటు తొడుక్కున్న తరువాత చూడవలసినవి నాలుగున్నాయి, వీటి విషయంలో తొందరపడవద్దు. లేసులు కట్టకముందు పాదాన్ని వీలైనంత ముందుకు జరిపి, మడమ వెనుక వేలు పెట్టి చూడండి. ఒక వేలు కష్టంగా దూరితే పొడవు సరిపోయినట్టు, రెండు వేళ్లు దూరితే బూటు పొడుగు. తరువాత మడమను వెనక్కి గట్టిగా తన్ని కూర్చోబెట్టి లేసులు కట్టి నిటారుగా నిలబడండి. వేళ్ల చివరలు బూటు ముందు కొనకు (టో క్యాప్‌కు) ఈక తగిలినట్టు తగలాలి, మోకాళ్లు వంచి ఆట భంగిమలోకి రాగానే ఆ స్పర్శ పోవాలి. వంచిన తరువాత కూడా వేళ్లు నలుగుతుంటే పొట్టి, నిటారుగా నిలబడినప్పుడు కూడా తగలకపోతే పొడుగు. మూడోది లోతు పరీక్ష. లేసులు విప్పి, బూటు నాలుకను ముందుకు లాగి, పై నుంచి మూడో లేసు కన్నాల జత మీద ఒక పెన్సిల్‌ను అడ్డంగా పెట్టండి. అది రెండు అంచుల మీదా ఆనకుండా మీ పాదం మీదే ఆగి ఊగుతుంటే, ఆ బూటు మీ పాదం ఎత్తుకు చాలదు. అలాంటి బూటులో లేసుల నొప్పి తప్పదు, మెత్తటి ప్యాడ్లు ఎన్ని పెట్టినా పోదు. నాలుగోది మడమ. మోకాళ్లు వంచి మునివేళ్ల మీద బరువు వేసినప్పుడు మడమ గూటిలోంచి పైకి లేవకూడదు, కొంచెం కూడా.

ఈ నాలుగింటిలో దేని దగ్గర రాజీపడవచ్చు, దేని దగ్గర పడకూడదు అన్నది అన్నిటికన్నా విలువైన విషయం. బూటును వేడి చేసి ఒకచోట కొద్దిగా సాగదీయవచ్చు గానీ ఎక్కడా కుదించలేం. కాబట్టి చీలమండ ఎముక దగ్గరో, చిటికెన వేలి మొదట్లోనో ఒకచోట మాత్రమే ఒత్తుతున్న బూటును నేను తిరస్కరించను, దాన్ని సరిచేయించవచ్చు. పొడుగైన బూటును, మడమ లేచే బూటును, లోతు చాలని బూటును మాత్రం ఎంత తక్కువ ధరకు వచ్చినా తీసుకోవద్దు. ‘వాడుతుంటే సర్దుకుంటుంది’ అన్న మాట బిగుతుకు వర్తిస్తుంది, వదులుకు ఎన్నటికీ వర్తించదు.

అలాగని బిగుతును అతిగా ఆరాధించడమూ మంచిది కాదు. ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 1985–86 సీజన్‌లో 48 గోల్స్ చేసి, డిఫెన్స్‌మన్‌గా (రక్షణ వరుస ఆటగాడిగా) బాబీ ఓర్ నెలకొల్పిన 46 గోల్స్ రికార్డును దాటిన పాల్ కాఫీ తన పాదానికన్నా బాగా చిన్న స్కేట్లు వేసుకునేవాడన్నది హాకీ లోకమంతటికీ తెలిసిన సంగతే. దాన్ని ఉదాహరణగా చెప్పి చిన్న సైజు కొనిపించేవారు ఇప్పటికీ ఉన్నారు. వృత్తి ఆటగాడికి రోజూ బూటును సరిచేసిపెట్టే సిబ్బంది ఉంటారు. వారానికి రెండుసార్లు ఆడే మనకు వేళ్లు మొద్దుబారని బూటే మంచి బూటు.

మోడల్ స్థాయి గురించి అడిగారు. ధర పెరిగే కొద్దీ ప్రధానంగా మారేవి బూటు గట్టిదనం, బరువు, స్టీల్ నాణ్యత. అన్నిటికన్నా పై మోడళ్లు రోజూ ఆడుతూ బలంగా తోసే ఆటగాళ్ల కోసం చేసినవి. మోకాళ్లు లోతుగా వంచి ఆడే అలవాటు గానీ తగిన బరువు గానీ లేనివారు అంత గట్టి బూటును ముందుకు వంచలేరు, దాంతో నిటారుగా నిలబడి స్కేటింగ్ చేయడం మొదలుపెడతారు. అలాగని మరీ కింది స్థాయికి దిగితే ఆ బూటు ఒకటి రెండు సీజన్లలోనే ఇప్పటి మీ బూటులాగే మెత్తబడుతుంది. మీ పాత జత కొత్తగా ఉన్నప్పుడు ఆ కంపెనీ వరుసలో ఏ మెట్టు మీద ఉండేదో గుర్తు చేసుకుని, అదే మెట్టు గానీ ఒక మెట్టు పైది గానీ ఎంచుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: పదేళ్లుగా మెత్తటి బూటుకు అలవాటుపడిన కాలికి మధ్యస్థాయి కొత్త బూటు కూడా చెక్కలా అనిపిస్తుంది. దుకాణంలో ఆ అనుభూతిని చూసి ఇంకా మెత్తటిదానికి దిగవద్దు. మోకాళ్లు వంచినప్పుడు బూటు పైభాగం కొద్దిగానైనా మీతో పాటు ముందుకు కదులుతోందా అన్నదే చూడండి. కొత్త మోడల్ రాగానే మునుపటి ఏడాది మోడల్ ధర తగ్గుతుంది, అది మీ పాదానికి సరిపోతే నిస్సంకోచంగా తీసుకోండి. ఆ మిగులుతో రెండో జత స్టీల్ కొనుక్కుంటే, ఒకటి సానకు ఇచ్చినప్పుడు రెండోది చేతిలో ఉంటుంది. దీనికోసం స్టీల్‌ను పనిముట్లు లేకుండానే ఊడదీసి తొడిగే హోల్డర్ ఉన్న జతను ఎంచుకోవడం మేలు.

బూటును ఓవెన్‌లో వేడి చేసి పాదానికి అచ్చుపోయడం ఇప్పుడు మామూలైంది. సాధారణంగా 80 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కొద్ది నిమిషాలు వేడి చేస్తారు, కచ్చితమైన వేడి, సమయం మోడల్‌ను బట్టి కంపెనీయే చెబుతుంది. ఆ పని దానికోసమే చేసిన ఓవెన్ ఉన్నచోట చేయించండి. వంటింటి ఓవెన్లలో వేడి అంతటా సమంగా ఉండదు, ఒకచోట జిగురు వదిలి అడుగు ఊడివచ్చే ప్రమాదం ఉంది. వేడి బూటు తొడుక్కున్నాక లేసులను పైకి లాగకూడదు, పక్కలకు లాగాలి, లేకపోతే మెత్తబడి ఉన్న లేసు కన్నాలు ఊడిపోతాయి. మోకాళ్లు సుమారు 90 డిగ్రీల కోణంలో ఉంచి, పాదం నేలకు సమంగా ఆన్చి, పది పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. లేచి నిలబడినా నడిచినా మెత్తబడి ఉన్న బూటు వంకరగా గట్టిపడుతుంది. ఆ తరువాత ఒక రోజంతా దాన్ని మంచు మీదికి తీసుకెళ్లకండి. అచ్చుపోసిన, సాన పట్టిన స్కేట్లను చాలా దుకాణాలు తిరిగి తీసుకోవు కాబట్టి, ఆ రెండింటికీ ముందే బూట్లు తొడుక్కుని కనీసం అరగంట దుకాణంలోనే గడపండి. అయిదు నిమిషాల్లో తెలియని ఒత్తిడి ఇరవయ్యో నిమిషంలో తెలుస్తుంది.

కొత్త స్కేట్లు బాగా లేవని బాధపడేవారిలో చాలామందికి అసలు ఇబ్బంది స్టీల్ దగ్గర ఉంటుంది. పెట్టెలోంచి తీసిన స్టీల్‌కు ఆడదగ్గ పదును ఉండదు, మొదటి సాన తప్పకుండా పట్టించాలి. అప్పుడు మీరు చెప్పవలసిన వివరాలు రెండు. మొదటిది, అడుగున రెండు అంచుల మధ్య ఉండే గాడి వ్యాసార్ధం. 1/2 అంగుళం చాలామంది వాడేది. అంకె తగ్గి 3/8కి వస్తే గాడి లోతై అంచు ఎక్కువగా కరుస్తుంది, 5/8 వైపు పెరిగితే పట్టు తగ్గి జారుడు పెరుగుతుంది. పాత జతకు ఏది పట్టిస్తున్నారో తెలుసుకుని కొత్తదానికీ అదే పట్టించండి. గట్టి బూటు మీ బలాన్ని పూర్తిగా అంచుకు చేరవేస్తుంది కాబట్టి అదే గాడి మొదట్లో ఎక్కువగా కరుస్తున్నట్టు అనిపించవచ్చు. అయినా కొన్ని ఆటల వరకు మార్చకండి.

రెండోది పొడవునా ఉండే వంపు, దాన్ని ప్రొఫైల్ అంటారు. ఇది సాధారణంగా 9 నుంచి 11 అడుగుల వ్యాసార్ధంలో ఉంటుంది. ఏళ్ల తరబడి చేత్తో సాన పట్టించిన మీ పాత స్టీల్‌లో ఈ వంపు మొదట ఉన్నట్టు ఉండదు, ముందూ వెనుకా చివరలు ఎక్కువగా అరిగి గుండ్రబడి ఉంటాయి. మీ శరీరం దానికే అలవాటుపడింది. కొత్త స్టీల్ మంచుకు ఎక్కువ పొడవున ఆనుతుంది కాబట్టి తోపు బలంగా, మలుపు బరువుగా అనిపిస్తుంది. పాత వంపును కొలిపించి, అది రెండు స్కేట్లలోనూ సమంగా ఉంటే కొత్తదానికీ అదే వేయించుకోవచ్చు. చెడిపోయిన వంపును మాత్రం నకలు చేయించవద్దు. కంపెనీ మారితే ముందుకు వాలే కోణం కూడా మారుతుంది. గ్రాఫ్ స్కేట్లు ముందుకు కొంచెం వాలి ఉంటాయని పేరు, వాటి నుంచి వేరే కంపెనీకి మారినవారికి మొదటి వారాల్లో వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. ఏదేమైనా బూటు, గాడి, ప్రొఫైల్ మూడింటినీ ఒకేసారి కొత్తగా మార్చకండి. ఇబ్బంది వచ్చినప్పుడు అది దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేక, సరిగా ఉన్నదాన్ని కూడా మారుస్తూ పోతారు.

మార్చడానికి సీజన్ మధ్య సమయం గానీ, టోర్నమెంట్ ముందు వారం గానీ సరైనవి కావు. ఆటలు లేని రోజులు చూసుకోండి. స్టీల్‌కు గట్టి గార్డులు తొడిగి ఇంట్లో రోజూ కాసేపు వేసుకుని కూర్చోండి, తరువాత ఆట లేని సాధారణ స్కేటింగ్‌కు వెళ్లండి, ఆ తరువాతే ఆటకు. మొదట్లో పై లేసు కన్నాల జతను వదిలి కట్టుకుంటే చీలమండ ముందుకు వంగడం సులువవుతుంది. పాదం అడుగున కండరాలు పట్టేసినట్టుండడం, బూటు చుట్టూ సమంగా బిగుతుగా ఉండడం సహజం, కొన్ని ఆటలకు తగ్గిపోతాయి. ఒకే ఎముక మీద గుచ్చినట్టు నొప్పి వస్తే దుకాణానికి వెళ్లి ఆ చోటును సాగదీయించుకోండి. వేళ్లు మొద్దుబారితే ముందు లేసులు వదులు చేసి చూడండి, అయినా తగ్గకపోతే లోతో వెడల్పో చాలలేదన్నమాట. మడమ వెనుక ఎముక ఉబ్బి గట్టిపడుతుంటే దాన్ని ఉపేక్షించకండి, అది ఒకసారి పెరిగితే తరువాత ఏ బూటైనా నొప్పిస్తుంది.

కొత్త జతను ఎక్కువ కాలం నిలుపుకోవాలంటే ఆట అయ్యాక స్టీల్‌ను పొడిగుడ్డతో తుడవడం ఒక్కటే చాలదు. ఇన్‌సోల్‌ను ప్రతిసారీ బయటికి తీసి, బూటు నాలుకను ముందుకు లాగి, సంచిలో కాక గాలి తగిలేచోట ఆరబెట్టండి. మీ పాత జత రివెట్లను తినేసింది లోపలి తడే. హీటరు ముందు మాత్రం పెట్టకండి, జిగురు దెబ్బతింటుంది. గట్టి గార్డులు నడవడానికి మాత్రమే, సంచిలో పెట్టేటప్పుడు తడిని పీల్చే గుడ్డ తొడుగులు వేయాలి.

పాత జతను కొత్తది కుదురుకునే దాకా ఉంచుకోండి, కానీ ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి అన్నట్టు మార్చి మార్చి వేసుకోకండి, అలా చేస్తే కాలు దేనికీ అలవాటుపడదు. కొత్త బూట్లలో కుదురుకున్నాక పాతవాటిని ఆరుబయట గరుకు మంచు మీద వాడుకోవడానికి ఉంచుకోవచ్చు, అక్కడ మంచి స్టీల్‌ను పాడుచేసుకోవడం ఎందుకు? అయితే వాటికోసం మీ సాన పట్టే వ్యక్తి చెప్పిన కొత్త స్టీల్ కొనే ముందు ఒక విషయం సరిచూసుకోండి. హోల్డర్ మీద 263, 272, 280 వంటి మిల్లీమీటరు అంకె ఒకటి ఉంటుంది. ఆ అంకె కలిసినంత మాత్రాన ఒక కంపెనీ స్టీల్ మరొక కంపెనీ హోల్డర్‌లో పట్టదు. ఒకే కంపెనీలో కూడా బోల్టుతో బిగించే పాత రకం స్టీల్, మీటతో వదిలే కొత్త రకం హోల్డర్‌లో కూర్చోదు. పాత స్టీల్ ఒకటి ఊడదీసి చేత్తో పట్టుకెళ్లి, పక్కన పెట్టి పోల్చుకున్నాకే కొనండి.